మిగిలిన పిల్లలు

కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికి మన భాషలో పేరుంది, కడుపుకోత అంటాం. తండ్రి బాధకు పుత్రశోకమన్న మాట పురాణాల నుంచీ ఉంది. భర్త పోతే వైధవ్యం. తల్లి పోతే తల్లిలేని బిడ్డ. ఇద్దరూ పోతే దిక్కులేని పిల్లలు. మరి తోడబుట్టినవాడిని పోగొట్టుకున్న పిల్లవాడి స్థితిని ఏమనాలి? ఆ మాట కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. మా ఇంట్లో మాట్లాడే తెలుగులో అది లేదు. బయట మాట్లాడే ఒడియాలోనూ నాకు తారసపడలేదు. మాట లేనిచోట ఆ బాధే లేదని పెద్దవాళ్ళు అనుకోవడం సులభం. పిల్లలు కదా, నాలుగు రోజుల్లో మరిచిపోతారు అంటాం. అలా అనుకుంటే ఏం జరుగుతుందో ఒక ఊరి చరిత్ర నాకు నేర్పింది. ఆ ఊరు మనకు చాలా దూరం, కానీ ఆ కథ దూరమైనది కాదు.

బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతం ఉంది. ఇంగ్లీషు నీడలో తన సొంత భాషను కాపాడుకోవడానికి తంటాలు పడుతున్న దేశం అది. అందుచేత మనలాంటివాళ్ళకు దాని మీద కాస్త అభిమానం ఉండడం సహజమే. దాని దక్షిణ భాగమంతా ఒకప్పుడు బొగ్గు గనులు. టాఫ్ నది లోయలో, మెర్థిర్ టిడ్విల్ పట్నానికి దగ్గర, అబర్‌వాన్ అనే ఒకప్పటి గని కార్మికుల ఊరు ఉంది. ఊరి వెనక కొండ. గని నుంచి బొగ్గుతో పాటు వచ్చే రాయీ మట్టీ బురదా దశాబ్దాల తరబడి ఆ కొండ మీద గుట్టలుగా పోశారు. అలాంటివి 7 గుట్టలు. ఏడోదాన్ని 1958లో మొదలుపెట్టి, నీటి ఊట ఉన్నచోటనే పోస్తూ వచ్చారు. ఆ ఊట సర్వే పటాల్లో స్పష్టంగా ఉంది. కొండ కింద పాంట్‌గ్లాస్ పాఠశాల. ఆ పేరుకు వేల్స్ భాషలో పచ్చని పల్లం అని అర్థం. పాఠశాల వెనక బురద పోగవుతోంది, ప్రమాదం ఉందని 1963లోనే పురపాలక ఇంజనీరు గనుల సంస్థకు రాశాడు. ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి, గుట్ట మాత్రం పెరుగుతూనే ఉంది.

1966 అక్టోబరు 21, శుక్రవారం. ఆ మధ్యాహ్నం నుంచి పిల్లలకు సెలవులు. ఉదయం 9 గంటల 15 నిమిషాల ప్రాంతంలో, హాజరు పిలిచే వేళకు, వానలకు నానిన ఏడో గుట్ట జారి కిందికి వచ్చింది. పాఠశాలనూ, పక్కనున్న ఇళ్ళనూ పూడ్చేసింది. గనిలో ఉన్న తండ్రులు పైకి వచ్చి, పారలతోనూ వట్టి చేతులతోనూ తవ్వారు. 11 గంటల తరవాత ప్రాణంతో ఒక్కరూ దొరకలేదు. చనిపోయినవారు 144 మంది. అందులో 116 మంది పిల్లలు, ఎక్కువమంది 7 నుంచి 10 ఏళ్ళ లోపువారు. మృతదేహాలను బెథానియా అనే ప్రార్థనా మందిరంలో వరసగా ఉంచారు. 27వ తేదీన 81 మంది పిల్లలకు ఒకేసారి అంత్యక్రియలు జరిగాయి.

ఆ తరవాతి కథ చాలామంది రాశారు. 76 రోజులు విచారణ జరిగింది. 1967 ఆగస్టులో వచ్చిన నివేదిక తప్పంతా జాతీయ బొగ్గు సంస్థదేనని తేల్చింది. ఒక్కరి ఉద్యోగమూ పోలేదు, ఒక్కరి మీదా కేసు లేదు. లోకమంతటి నుంచీ 88,000 విరాళాల దాకా వచ్చి, నిధి చివరికి 17.5 లక్షల పౌన్లకు చేరింది. బొగ్గు సంస్థ చనిపోయిన ఒక్కో పిల్లవాడికి ఇచ్చింది 500 పౌన్లు. ఊరి నెత్తిన మిగిలిన గుట్టలను తొలగించడానికి అయ్యే ఖర్చులో 1,50,000 పౌన్లు ఈ విరాళాల నిధి నుంచే తీసుకున్నారు. ఆ మొత్తాన్ని 1997లో, అదీ వడ్డీ లేకుండా, తిరిగి ఇచ్చారు. 2007లో వేల్స్ ప్రభుత్వం మరో 15 లక్షల పౌన్లు ఇచ్చి ఆ తప్పు దిద్దుకుంది.

బ్యాంకు ఉద్యోగిని కనుక ఈ లెక్కల దగ్గర నా కన్ను ఎక్కువసేపు నిలిచింది. వాటిలో నన్ను కుదిపినది ఒకటుంది. నిధి నుంచి తల్లిదండ్రులకు డబ్బు ఇవ్వాలనుకున్నప్పుడు, ధర్మసంస్థలను పర్యవేక్షించే కమిషన్ ఒక సందేహం లేవనెత్తింది. చెల్లించేముందు, పోయిన పిల్లవాడితో ఆ తల్లిదండ్రులకు ఎంత దగ్గరి అనుబంధం ఉండేదో, వాళ్ళు నిజంగా మానసిక బాధ పడుతున్నారో లేదో ఒక్కొక్కరినీ విచారించాలంది. చివరికి ప్రతి కుటుంబానికీ ఒకే మొత్తం, 5,000 పౌన్లు ఇచ్చారు. దుఃఖాన్ని పట్టికలో నింపాలని చూసిన ఆ గుమాస్తా బుద్ధి నాకు పరాయిది కాదు. మరణించిన ఖాతాదారుల డబ్బు విషయంలో నామినీకి వరస ఏమిటని రాయించుకునే బల్ల వెనక నేనూ ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. ఆ కాగితాల్లో కొడుకు, కూతురు, భార్య అన్నవాటికి గడులున్నాయి. తల్లి చెయ్యి పట్టుకుని పక్కన నిలబడిన పదేళ్ళ పిల్ల ఏమనుకుంటోందో రాయడానికి గడి లేదు.

అబర్‌వాన్‌లో బతికి బయటపడిన పిల్లల సంగతి సరిగ్గా ఇంతే. తల్లిదండ్రుల శోకం ఊరంతా నిండింది, అది న్యాయం. కానీ అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను, పక్క బల్ల మీద కూర్చునే నేస్తాలను ఒక్క పూటలో పోగొట్టుకున్న పిల్లలు ఆ శోకానికి అడ్డం రాకుండా తప్పుకుని బతకాలని నేర్చుకున్నారు. వీధిలో ఆడుకోవడం మానేశారు. తాము ఆడుతుంటే, బిడ్డలు పోయిన ఇళ్ళవాళ్ళు కిటికీలోంచి చూసి తట్టుకోలేరని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. మా పిల్ల పోయి నువ్వెందుకు మిగిలావని ఎవరూ పైకి అనకపోయినా, ఆ ప్రశ్న వాళ్ళ లోపల పుట్టింది. ఆ రోజు శిథిలాల నుంచి చివరగా ప్రాణంతో బయటకు తీసిన 8 ఏళ్ళ పిల్లవాడు పెద్దయ్యాక ఆ ప్రాంతపు స్థానిక పాలనలో నాయకుడయ్యాడు. తన బాల్యం ఆ ఉదయమే ముగిసిందని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు.

మెర్థిర్‌లో పిల్లల మానసిక వైద్యుడు లేసీ నాలుగేళ్ళలో ఈ ఊరి పిల్లలను 56 మందిని చూశాడు. ఆయన 1972లో ప్రచురించిన పరిశీలనల్లో ఉన్నవి పెద్ద రోగాల పేర్లు కావు. నిద్ర పట్టకపోవడం, పక్క తడపడం, బడికి వెళ్ళననడం, నేస్తాలు లేకపోవడం. వానపడినా గాలి వీచినా భయం, ఎందుకంటే ఆ విపత్తుకు ముందు పడ్డది వానే. చాలా ఇళ్ళలో తల్లిదండ్రులు పిల్లలను క్షణం కూడా కనుమరుగు కానివ్వకపోవడం ఆ భయాన్ని మరింత పెంచింది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే పిచ్చి ముద్ర పడుతుందన్న జంకు ఆనాడు అక్కడా ఉంది. గని కార్మికుల ఊళ్ళో ఏడవడం మగతనం కాదన్న పట్టుదల కూడా ఉంది. అందుచేత చాలామంది పిల్లలు ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. మరిచిపోతారులే అనుకున్నారు.

మరిచిపోలేదు. విపత్తు జరిగిన 33 ఏళ్ళకు, నడివయసులో ఉన్న ఆనాటి పిల్లలను 41 మందిని పరిశోధకులు కలుసుకున్నారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, వారిలో 19 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆ ఘటన మిగిల్చిన మానసిక గాయంతో జబ్బుపడినవారే. 12 మందికి అప్పటికీ ఆ లక్షణాలున్నాయి. గుట్టలను కొండ మీంచి తీసేశారు. ఇవి మాత్రం మిగిలిపోయాయి.

అంతమాత్రాన ఆనాటి పెద్దలను క్రూరులనడం తప్పు. వాళ్ళకు తెలిసినంతలో వాళ్ళు చేశారు. పిల్లల దుఃఖం గురించి లోకానికి తెలిసిందే ఆలస్యంగా. బుడాపెస్ట్‌లో మరియా నాజ్ అనే మనస్తత్వవేత్త 3 నుంచి 10 ఏళ్ళ పిల్లలను 378 మందిని చావంటే ఏమిటని అడిగి, ఫలితాలను 1948లో ప్రచురించింది. అయిదేళ్ళలోపు పిల్లలకు చావంటే ఊరెళ్ళడం లాంటిది, పోయినవాళ్ళు తిరిగి వస్తారు. అయిదు నుంచి తొమ్మిది మధ్య అది ఎవరో వచ్చి పట్టుకుపోయే మనిషిలాంటిది. తొమ్మిది దాటాకనే అది అందరికీ తప్పనిదని అర్థమవుతుంది. అబర్‌వాన్‌లో పోయినవారూ మిగిలినవారూ ఎక్కువగా ఈ రెండో మెట్టు దగ్గరివారే.

అంతకుముందే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ నడిపిన శిశు గృహాల్లో ఒక విచిత్రం బయటపడింది. బాంబుల మోత కన్నా తల్లి నుంచి విడిపోవడమే పసిపిల్లలను ఎక్కువ కుంగదీసింది. అక్కడ పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఆసుపత్రిలో తల్లి లేకుండా ఉంచిన రెండేళ్ళ పాప మీద ఒక చిత్రం తీశాడు. ఏడవకుండా బుద్ధిగా ఉన్న బిడ్డ బాధ లేని బిడ్డ కాదని అది కళ్ళకు కట్టింది. రాబర్ట్‌సన్‌తో కలిసి పనిచేసిన జాన్ బౌల్బీ, పసివాళ్ళకూ పెద్దవాళ్ళలాగే శోకం ఉంటుందని 1960లో రాసినప్పుడు, సాటి పండితులే ఒప్పుకోలేదు. విడిపోవడం, పోగొట్టుకోవడం గురించి ఆయన రాసిన మూడు సంపుటాలు 1969, 1973, 1980లలో వచ్చాయి. అంటే అబర్‌వాన్ నాటికి ఈ జ్ఞానం కొద్దిమంది పండితుల మధ్య చర్చగానే ఉంది. గని ఊరి వంటింటికి చేరలేదు.

చేరడం 1980ల తరవాతి మాట. 13 ఏళ్ళ వయసులో మెదడులో కంతితో చనిపోయిన ఒక అబ్బాయి పేరు మీద, అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరంలో 1982లో డగ్గీ సెంటర్ మొదలైంది. ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్న పిల్లలు ఒకచోట కూడి ఆడుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ, తోచినప్పుడు మాట్లాడుకునే చోటు అది. అక్కడ పెద్దవాళ్ళు చెప్పడం తక్కువ, వినడం ఎక్కువ. బ్రిటన్‌లో 1992లో విన్‌స్టన్స్ విష్ అనే సంస్థ ఇలాంటి పనే చేపట్టింది. బోస్టన్ ప్రాంతంలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలను 70 కుటుంబాల నుంచి 125 మందిని విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ రెండేళ్ళపాటు గమనించారు. వాళ్ళు కనుక్కున్నవాటిలో రెండు సంగతులు మన ఇళ్ళకు బాగా పనికివస్తాయి. ఒకటి, పిల్లవాడు ఎలా కోలుకుంటాడన్నది మిగిలిన తల్లి లేదా తండ్రి ఎలా నిలదొక్కుకున్నారన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. రెండు, కొందరు పిల్లల కష్టం మొదటి ఏడు కాక రెండో ఏడు బయటపడుతుంది. మనం పరామర్శలు ముగించి, సంవత్సరీకం కూడా అయిపోయింది, ఇక సరే అనుకునే సమయానికి అన్నమాట.

అబర్‌వాన్ కూడా తనంత తాను కొంత నేర్చుకుంది. తల్లులు ఒక సంఘంగా చేరి వారం వారం కలుసుకున్నారు. మగవాళ్ళు ఒక గాయక బృందం పెట్టుకున్నారు. మాటల్లో చెప్పలేనిది వాళ్ళకు పాటలో పలికింది కాబోలు. ఊళ్ళో తరవాతి అయిదేళ్ళు పుట్టినపిల్లల సంఖ్య పెరిగింది. ఆ పెరుగుదల ఎక్కువగా బిడ్డలను పోగొట్టుకోని దంపతుల ఇళ్ళలోనే అని 1975లో ప్రచురించిన ఒక అధ్యయనం చెబుతోంది. ఊరంతా కలిసి ఆ ఖాళీని పూడ్చుకోబోయింది. శ్మశానంలో తెల్లరాతి తోరణాల కింద ప్రతి పిల్లవాడికీ పేరుంది.

ఆ పేర్ల దగ్గరే నేను మా ఇంటికి వస్తాను.

మాది బరంపురం. 1979 వానాకాలంలో మా తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికి ఆరేళ్ళు, నాకు తొమ్మిది. నన్ను పక్కింటికి పంపేశారు. రెండురోజుల తరవాత తిరిగి వస్తే ఇంట్లో వాడు లేడు, వాడి పలక లేదు, వాడి చొక్కాలు లేవు. దేవుడి దగ్గరికి వెళ్ళాడన్నారు. ఎప్పుడొస్తాడని అడిగితే అమ్మ గదిలోకి వెళ్ళిపోయింది. ఇంకెప్పుడూ అడగకూడదని అప్పుడే తెలుసుకున్నాను. జ్వరం వచ్చిన రోజు సాయంత్రం నేను వాడిని ఆటలో చేర్చుకోలేదు. వాడు ఏడుస్తూ వానలో ఒక్కడే అరుగు మీద కూర్చున్నాడు. ఆ జ్వరం నావల్లే వచ్చిందని ఎన్నేళ్ళు నమ్మానో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. లేసీ చూసిన పిల్లల గురించి చదివినప్పుడు నాకు యాభై దాటింది. వాన చప్పుడుకు లేచి కూర్చునే అలవాటు నాకొక్కడికే లేదని అప్పుడు తెలిసింది.

మన ఆచారాలు దుఃఖానికి చాలా చోటిచ్చాయి. పదిరోజుల పాటు ఇంటినిండా జనం, మాసికాలు, ఏటేటా తిథి. పోయినవారిని తలుచుకోవడానికి ఒక రోజు ఖాయంగా ఉంటుంది. కానీ పసివాళ్ళు పోతే దహనం చెయ్యక పూడ్చడం, మైల తగ్గించడం, తద్దినం లేకపోవడం మనలో చాలామందికి ఆనవాయితీ. తల్లిదండ్రులను త్వరగా తేరుకోనివ్వాలన్న దయతోనే పెద్దలు అలా పెట్టారేమో. కానీ దాని ఫలితం ఏమిటంటే, మా తమ్ముడిలాంటివాడికి కేలండరులో తేదీ లేదు. తేదీ లేకపోతే పేరు కూడా మెల్లగా పోతుంది.

మన దేశంలోనూ అబర్‌వాన్‌లు ఉన్నాయి. 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడి కప్పు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ పత్రికలు చూసి, తంజావూరు సీమలోని మనవాళ్ళు ఎంత కుమిలిపోయారో నాకు గుర్తుంది. ఆ ఏడు డిసెంబరు 26న సునామీ వచ్చింది. కోవిడ్‌లో తల్లినీ తండ్రినీ ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు కేంద్రం 2021లో ఒక పథకం ప్రకటించి, 23 ఏళ్ళు నిండాక 10 లక్షల రూపాయలు చేతికందేలా చేసింది. డబ్బు అక్కర్లేదని నేననను, ఆ పిల్లలకు అది అన్నం, చదువు. కానీ 23 ఏళ్ళు వచ్చేదాకా ఆ పిల్లవాడు ఎవరితో మాట్లాడాలి? మన ఊళ్ళలో దీనికి మరో చిక్కు కూడా ఉంది. బడి ఒడియాలోనో తమిళంలోనో కన్నడంలోనో మరాఠీలోనో నడుస్తుంది, ఉపాధ్యాయుడి ఓదార్పు ఆ భాషలోనే. కానీ దుఃఖం వచ్చేది నాయనమ్మ మాట్లాడిన భాషలో. ఆ భాషలో అడిగేవాళ్ళు ఇంట్లోనే ఉండాలి.

ఇంత చదివి నేను నేర్చుకున్నవి పెద్ద సంగతులు కావు. పిల్లలకు పోయినవాళ్ళు చనిపోయారనే చెప్పాలి. నిద్రపోయారంటే నిద్రకు భయపడతారు, ఊరెళ్ళారంటే గుమ్మం చూస్తారు. అది నీవల్ల కాదని, అడగకపోయినా చెప్పాలి, ఒక్కసారి కాదు, పదిసార్లు. చివరిచూపుకు వస్తావా అని అడగాలి. వస్తానంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి, రానంటే బలవంతం చెయ్యకూడదు. ఏడ్చిన గంటకే ఆడుకుంటుంటే రాతిగుండె అని తిట్టకూడదు. పిల్లలు దుఃఖాన్ని గుక్కలు గుక్కలుగా తాగుతారు, మనలా కుండ ఎత్తి తాగరు. పదమూడు పదిహేనేళ్ళవాళ్ళు మనతో మాట్లాడక నేస్తాలతో గడిపినా, కోపంగా ఉన్నా, అది కూడా శోకమే అనుకోవాలి. ఇప్పుడు ఇంటికి నువ్వే పెద్దదిక్కు అని పదిహేనేళ్ళవాడి భుజం మీద చెయ్యివేసి చెప్పడం మానాలి. వాడికీ ఏడవడానికి సమయం కావాలి. నిద్ర, తిండి, చదువు నెలల తరబడి దెబ్బతింటే వైద్యుడికి చూపించాలి, అందులో సిగ్గు లేదు. రెండో ఏడు మరింత జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. అన్నిటికన్నా ముందు, పోయినవాళ్ళ పేరు ఇంట్లో వినబడుతూ ఉండాలి.

క్రిందటేడు వానాకాలంలో అమ్మతో ఈ సంగతి ఎత్తాను. ఆమెకు ఎనభై దాటాయి. ఆ సాయంత్రం అరుగు సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, వాడికి అంతకు రెండురోజుల ముందే ఒళ్ళు వెచ్చగా ఉందని, తాను పట్టించుకోలేదని, ఇన్నేళ్ళూ తనవల్లే అనుకుంటోందని చెప్పింది. ఒకే ఇంట్లో ఒకే నేరాన్ని ఇద్దరం వేరువేరుగా నలభై ఆరేళ్ళు మోశాం. లేచి లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె అడుగు నుంచి పలక తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక మూల విరిగి ఉంది. వాడి పేరు పిలిచి, ఆ విరగ్గొట్టింది వాడేరా, నువ్వు కాదు, ఆ రోజు నిన్ను అనవసరంగా కొట్టాను అంది.

ఆ తేదీని మా ఇంటి కేలండరు మీద ఇప్పుడు రాసుకున్నాం.